బానెట్ మీద బొబ్బలు

1956 మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం పులివెందుల పార్వతమ్మ కారు ప్రొద్దుటూరులో షంషుద్దీన్ షెడ్డు ముందు వచ్చి ఆగింది. షంషుద్దీన్ చేతిలోని ఉప్పుకాగితం అలాగే పట్టుకుని బయటికి వచ్చాడు. కారును చూడగానే అక్కడే ఆగిపోయాడు.

పదిరోజుల కిందట తాను రంగు వేసి, మైనం రుద్ది, ముఖం చూసుకునేలా మెరిపించి పంపిన కారు అది. ఇప్పుడు దాని బానెట్ ఎడమవైపున, ఒళ్లు కాలినప్పుడు లేచినట్టు బొబ్బలు లేచి ఉన్నాయి. కొన్ని పగిలి పెచ్చులు ఊడి, రంగుకు ముందు పూసిన ఎర్రటి అస్తరు బయటపడింది. ఫిబ్రవరిలో మొదటిసారి వేసిన రంగూ ఇలాగే పోయింది. అప్పుడు రంగు డబ్బా పాతదేమో అనుకుని, మారుమాట లేకుండా మళ్లీ వేసిచ్చాడు. ఇది రెండోసారి.

కారులోంచి దిగింది పార్వతమ్మ కాదు. ఆమె మరిది ఆదినారాయణ రెడ్డి. ఆయన దిగీ దిగగానే బానెట్ మీది పెచ్చులు కొన్ని గోటితో ఊడబెరికి షంషుద్దీన్ ముందున్న బల్ల మీద పోశాడు. రంగులో కిరసనాయిలు కలిపి పూశావని, మొగుడు పోయిన ఆడమనిషి, ఏం అడుగుతుందిలే అని మోసం చేశావని వీధంతా వినబడేలా అన్నాడు. పక్కన బస్సులు బాగుచేయించుకుంటున్న వాళ్లు, టీ తాగుతున్న వాళ్లు అందరూ చూస్తూ ఉండిపోయారు. షంషుద్దీన్ ఏదో చెప్పబోయాడు గానీ ఆయన వినలేదు.

"ఇంక నీ చేయి ఈ బండికి తగలగూడదు" అని చెప్పి, డ్రైవర్‌ను బండి తిప్పమన్నాడు.

డ్రైవర్ ఓబులేసు అరవై దాటిన మనిషి. అంతసేపూ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎటో చూస్తూ కూర్చున్నాడు. కారు తిప్పేటప్పుడు కూడా షంషుద్దీన్ వైపు చూడలేదు.

షంషుద్దీన్ మద్రాసులో పదకొండేళ్లు పనిచేసి రంగుల పని నేర్చుకున్నవాడు. తిరిగివచ్చి ప్రొద్దుటూరులో షెడ్డు పెట్టి నాలుగేళ్లయింది. మిల్లుల లారీలు, బస్సులు అతని దగ్గరికే వచ్చేవి. ఆ మర్నాడే ఇద్దరు బస్సులవాళ్లు, ఒప్పుకున్న పని ఇప్పుడు వద్దులే అని కబురు పంపారు.

అతన్ని అసలు కుంగదీసింది ఆ కబురు కాదు. తప్పు తనదేనేమో అన్న అనుమానం. కిరసనాయిలు కలపలేదు, అది నిజం. కానీ రెండోసారి రంగు వేసినప్పుడు పార్వతమ్మ ఇంటినుంచి కారు కావాలని తొందర పెట్టారు. ఒక పూతకూ మరో పూతకూ మధ్య నాలుగు రోజులు ఆరనివ్వాల్సింది రెండు రోజులకే కానిచ్చేశాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. పని నేర్పిన ఉస్తాద్ ముఖం గుర్తుకొచ్చి మూడురోజులు అన్నం సరిగ్గా తినలేకపోయాడు, రాత్రులు నిద్రా పట్టలేదు.

నాలుగో రోజు అతని భార్య ఖమ్రున్నీసా అతనికి అన్నం తీసుకుని షెడ్డుకు వచ్చింది. బల్ల మీద పెచ్చులు ఇంకా అలాగే పడి ఉన్నాయి. ఆమె గిన్నె దించి, ఒక పెచ్చు తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. తర్వాత తిరగేసి చూసింది. ఇంకొకటి తీసింది, దాన్నీ తిరగేసింది.

"పైన బాగానే ఉండాది. కిందనే మాడిండాది" అంది.

షంషుద్దీన్ తలెత్తాడు.

"రొట్టె అడుగున మాడితే పెనం చూస్తాం గానీ పిండి మంచిది కాదంటామా? నువ్వు పిండినే చూస్తాండావు" అంది ఆమె.

అతను లేచి వచ్చి పెచ్చులన్నీ ఒక్కొక్కటే తిరగేశాడు. పైన నేరేడుపండు రంగు నిగనిగలాడుతూనే ఉంది. అడుగున మాత్రం గోధుమరంగుకు తిరిగి, కొన్నిచోట్ల నల్లగా కమిలి ఉంది. రంగు చెడ్డదైతే, ఆరకపోతే, పైన ముడతలు పడాలి. ఎండకు చెడితే పైన వెలవాలి. ఇది కిందినుంచి వచ్చిన వేడి. ఇంజన్ వేడి రేకును కాల్చి, రేకు రంగును కాల్చింది.

అప్పుడు అతనికి ఇంకో సంగతి తట్టింది. ఆ కారును 1937లో కొన్నారు. పద్దెనిమిదేళ్లపాటు మొదటి రంగు చెక్కు చెదరలేదని పార్వతమ్మే ఒకసారి చెప్పింది. అన్నేళ్లు నిలిచిన రంగు ఈ మధ్యనే ఎందుకు చెడిందని తాను ముందే అడగాల్సింది. పాతబడిందిలే అనుకుని గీకేసి కొత్తది పూశాడు. అడగకపోవడమే తన అసలు తప్పు అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయాడు.

పార్వతమ్మ నలభై దాటిన మనిషి. ఆమె తొలికాన్పు కష్టమైనప్పుడు ఎద్దులబండిలో జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోతుంటే, ముద్దనూరు చేరకముందే బిడ్డ పోయింది. ఆ ఏడాదే ఆమె భర్త మద్రాసు పోయి ఆ కారు కొనుక్కొచ్చాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరికి పురుడు కష్టమైనా, ఏ కులమని చూడకుండా, కారు పోయేది. భర్త చనిపోయి ఆరేళ్లయినా ఆమె ఆ పద్ధతి మానలేదు. రంగు గురించి ఆమె పట్టింపు కూడా అందుకే. ఆ రంగు ఆయన ఏరి ఏరి ఎంచుకున్నది.

షంషుద్దీన్ వసారా కింద నిలబడి, పెచ్చులు చూపించి, తాను అనుకున్నదంతా చెప్పాడు. తన మరిది ఏమన్నాడో ఆమెకు తెలియనే తెలియదు. రంగు మళ్లీ చెడిందని మాత్రమే తెలుసు. ఆమె పెచ్చును చేతిలోకి తీసుకుని చూస్తుండగానే ఒక మనిషి పరుగున వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పక్క పల్లెనుంచి వచ్చాడు. అతని భార్య రాజమ్మకు నిన్న సాయంత్రం నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట.

పార్వతమ్మ లేచి ఓబులేసును పిలిచింది. షంషుద్దీన్ ముందు సీట్లో తననూ కూర్చోనిమ్మని అడిగాడు. బానెట్ ఎప్పుడు ఎంత కాలుతుందో కళ్లారా చూడాలన్నాడు. ఆమె సరేనంది. ఓబులేసు మాత్రం, ఆడవాళ్లు ఉన్న బండిలో ఎందుకులే అని గొణిగాడు. పార్వతమ్మ అది వినిపించుకోకుండా ఇద్దర్నీ పంపేసింది.

పల్లెలో రాజమ్మను, ఆమె తల్లిని వెనక సీట్లో ఎక్కించుకున్నారు. పదిగంటలకే ఎండ మండిపోతోంది. రాజమ్మ కళ్లు మూసుకుని తల్లి భుజం మీద వాలిపోయింది. ఓబులేసు గుంతల్లో మెల్లగా, బాగున్నచోట వేగంగా, ఒక్క మాట లేకుండా నడిపాడు. అతని నడపడం చూసి షంషుద్దీన్‌కు ఆ ముసలాయన మీద గౌరవం కలిగింది.

ముద్దనూరు దగ్గర రైలుగేటు వేసి ఉంది. గూడ్సు బండి వచ్చేదాకా ఆగక తప్పలేదు. ఆపితే మళ్లీ స్టార్టు కాదేమోనని ఓబులేసు ఇంజన్ నడుస్తూనే ఉంచాడు. షంషుద్దీన్ దిగి బానెట్ దగ్గరికి పోయాడు.

ఆ కారు బానెట్ రెండు రెక్కలుగా ఉంటుంది. నడుమ కీలు, కుడిరెక్క కుడికి, ఎడమరెక్క ఎడమకు లేస్తాయి. అతను కుడిరెక్క మీద చేయి పెట్టాడు. వేడిగా ఉంది, ఓర్చుకోవచ్చు. ఎడమరెక్క మీద పెట్టాడో లేదో చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. దారిలో గాలి తగులుతున్నంతసేపూ ఫరవాలేదు. బండి నిలబడితే వేడి పోయే దారిలేక ఒకపక్కనే పేరుకుంటోంది. అతని కళ్ల ముందే ఒక కొత్త బొబ్బ మెల్లగా ఉబ్బింది.

రెక్క ఎత్తి లోపల చూస్తానన్నాడు షంషుద్దీన్. వద్దు, గేటు తీస్తాండారు, ఎక్కమన్నాడు ఓబులేసు. గేటు ఇంకా తీయలేదు. కానీ వెనక సీట్లో రాజమ్మ మూలుగుతోంది. అది వాదించే సమయం కాదని షంషుద్దీన్ ఎక్కి కూర్చున్నాడు.

పన్నెండు దాటాక జమ్మలమడుగు ఆసుపత్రి చేరారు. నర్సులు రాజమ్మను లోపలికి తీసుకుపోయారు. ఆమె తల్లి గుమ్మం పక్కనే నేలమీద కూలబడింది. షంషుద్దీన్ కారు పని మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు. గంటన్నర తర్వాత ఒక నర్సు బయటికి వచ్చి, ఆడపిల్ల, తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం అని చెప్పింది. ముసలామె లేచి ఎవరికి దండం పెట్టాలో తెలియక అక్కడున్న అందరికీ పెట్టింది. షంషుద్దీన్‌కూ పెట్టింది. అతనికి ఎన్నో రోజుల తర్వాత ఊపిరి నిండుగా ఆడినట్టయింది. కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుని, కడుపునిండా నీళ్లు తాగాడు.

కారు ఆవరణలో వేపచెట్టు కింద ఉంది. ఈసారి అతను ఎవర్నీ అడగలేదు. ఎడమరెక్క ఎత్తి, తలవంచి అడుగు చూశాడు. ఇంజన్ పొగను బయటికి మోసుకుపోయే లావుపాటి గొట్టం రెక్కకు జానెడు దూరంలోనే ఉంది. రెక్క అడుగున వరసగా చిన్న చిన్న కొక్కేలు ఉన్నాయి. వాటికి పట్టి ఏదో ఉండాలి, లేదు. రేకు మీద ఒకచోట అరచేయి అంత మేర నల్లటి మసి. కుడిరెక్క ఎత్తి చూస్తే, అక్కడి కొక్కేలకు దళసరి కంబళి అట్ట ఒకటి గట్టిగా పట్టి ఉంది.

ఓబులేసు చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. షంషుద్దీన్ అతని దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"మామా, ఎడమపక్క అట్ట యాడబోయింది?"

ఓబులేసు రెండు అరచేతులూ తెరిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, "నేనే పీకేసినా" అన్నాడు.

నిరుడు ఎండాకాలంలో వేంపల్లెనుంచి ఒంటరిగా వస్తున్నప్పుడు జరిగిందట. ఇంజన్ ఆయిలు కారి ఆ అట్టకు పట్టింది. అతను చూసి కూడా రేపు తుడుద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు రాకముందే దారిలో అట్ట అంటుకుంది. రెండు చేతులతో పీకి కిందపడేసి, మట్టి పోసి ఆర్పాడు. చేతులు కాలాయి. ఇంటికి వచ్చి, రేడియేటర్ నీళ్లు మీద పడ్డాయని చెప్పాడు. ఆ అట్టలు చనిపోయిన అయ్య స్వయంగా కొక్కేలు బిగించి వేసినవి. తన అజాగ్రత్తవల్ల అయ్య కారు కాలిపోబోయిందని ఆ ఇంట్లో ఎలా చెప్పాలి?

"తెలిస్తే అమ్మ ఉంచుకోదనుకున్యా. ఈ వయసులో నాకు ఇంకెవరు బండి ఇస్తారు? రంగు చెడిపోతాంటే తెలుస్తానే ఉండాది నాకు. మొన్న ఆయప్ప నిన్ను అన్ని మాటలు అంటాంటే కూడా నోరు రాలేదు. ఆ పొద్దునుంచి నాకు మెతుకు దిగడంలేదప్పా."

షంషుద్దీన్‌కు మొదట ఒళ్లు మండింది. నాలుగేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు నడివీధిలో పోతుంటే చూస్తూ కూర్చున్న మనిషి ఇతను. కానీ ఆ మనిషి చేతులు అతని ముందే ఉన్నాయి. అరచేతుల్లో చర్మం ఇంకా ముడుచుకునే ఉంది. ఆ చేతులతోనే ఈ పొద్దు రాజమ్మను కుదుపు తగలకుండా తెచ్చాడు.

"నేను చెప్పను మామా" అన్నాడు చివరికి. "నువ్వే చెప్పల్ల. కానీ ఈ పొద్దే చెప్పు."

పులివెందులకు తిరిగి చేరేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. పార్వతమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది. ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారని తెలిసి కళ్లు తుడుచుకుంది. ఓబులేసు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, మెట్టు కింద నిలబడి, ఒక్కమాట దాచకుండా చెప్పాడు. ఆదినారాయణ రెడ్డి షెడ్డు ముందు అన్న మాటలూ చెప్పాడు.

ఆమె మొదట అతని చేతులు చూపించమంది. చూసి, "రేడియేటర్ నీళ్లన్నావు గదా" అంది.

"అబద్ధం చెప్పినామ్మా."

"అట్టదేముంది ఓబులేసూ, ఇంకొకటి వేయించుకుంటాం. బండిలో పురిటి మనిషి ఉన్నప్పుడు అంటుకొనుంటే? అది చెప్పకపోవడమే నాకు కోపం. ఇంకెప్పుడూ బండి సంగతి నా దగ్గర దాచొద్దు."

అంతే అంది. పొమ్మనలేదు. ఓబులేసు తలాడిస్తూ అక్కడే నిలబడిపోయాడు. అతని భుజాలు దిగిపోవడం షంషుద్దీన్ పక్కనుంచి చూశాడు. ఆ ముసలాయన అంత చెప్పాక తానూ ఊరికే ఉండలేకపోయాడు. రెండోసారి రంగు రెండు రోజులే ఆరనిచ్చానని, అది చేయకూడని పనని తనూ చెప్పేశాడు. పార్వతమ్మ అతన్ని ఒక క్షణం చూసి, "తొందరపెట్టింది మా ఇంటివాళ్లే గదా" అంది. ఆ తర్వాత ఇద్దర్నీ అన్నానికి రమ్మంది. ఓబులేసు మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు.

కారును ఆ వారంలోనే ప్రొద్దుటూరికి తెచ్చారు. మళ్లీ కంబళి అట్ట వేస్తే మళ్లీ ఆయిలు పీల్చి అంటుకుంటుంది. దానికి ఏం చేయాలో షంషుద్దీన్‌కు తెలియక, నూనెమిల్లులో ఇంజన్ మేస్త్రీ అలీ అహ్మద్‌ను అడిగాడు. మిల్లులో ఇంజన్ గొట్టానికి చుట్టే రాతినార చూపించాడు ఆయన. అది నిప్పుకు కాలదు. అదే రకం పలక ఒకటి ఇప్పించాడు. దాన్ని రేకుకు అంటించవద్దని, రెంటికీ మధ్య వేలెడు సందు వదలమని, ఆ సందులో గాలి ఆడితే సగం వేడి అక్కడే పోతుందని చెప్పాడు.

షంషుద్దీన్, ఓబులేసు కలిసి రెండు రోజులు ఆ పనిమీదే ఉన్నారు. పాత కొక్కేలకే చిన్న చిన్న ఇనుప గొట్టం ముక్కలు తొడిగి సందు వచ్చేలా చేశారు. రాతినార పలకకు కిందివైపు పలుచని తగరపు రేకు వేశారు, ఆయిలు చిందినా జారిపోయేలా. ఆయిలు కారుతున్నచోట కొత్త వాషరు వేశారు. కుడిరెక్కకూ అదే ఏర్పాటు చేశారు. తర్వాత షంషుద్దీన్ బానెట్‌ను రేకు కనబడేదాకా గీకి, మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఈసారి పూతకూ పూతకూ మధ్య నాలుగు రోజులు ఆరనిచ్చాడు. రోజూ పొద్దున ఓబులేసు వచ్చి, ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని చూసి పోయేవాడు.

పని ముగిశాక షంషుద్దీన్ కారుతో పాటు పులివెందులకు పోయాడు. బాగైందో లేదో తేల్చుకోవడానికి పార్వతమ్మే బయల్దేరింది. జూన్ మొదట్లో, ఇంకా వానలు పడకముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో కారులో కూర్చుని పులివెందులనుంచి ముద్దనూరు గేటు దాకా నడిపించింది. ఆ రోజు గేటు తెరిచే ఉంది. అయినా పక్కన ఆపించి, ఇంజన్ నడుస్తుండగా అరగంట ఉంచమంది. షంషుద్దీన్ దిగి బానెట్ ముందు నిలబడ్డాడు. చెమట కంట్లోకి కారుతున్నా రెప్ప వేయలేదు. అరగంటయ్యాక పార్వతమ్మ దిగి వచ్చి, తన అరచేతిని ఎడమరెక్క మీద ఆనించి, తీయకుండా ఉంచింది.

"ఓర్చుకోవచ్చు" అంది. "నువ్వూ పెట్టు."

అతను పెట్టాడు. వేడిగా ఉంది, అంతే. వంగి వెలుతురుకు అడ్డంగా చూశాడు. ఎక్కడా ఉబ్బు లేదు. నేరేడుపండు రంగు మీద ముగ్గురి ముఖాలు కనబడుతున్నాయి. అతను పోయి రోడ్డు పక్కనున్న మైలురాయి మీద కూర్చున్నాడు. ఓబులేసు నవ్వడం అతను చూడటం అదే మొదటిసారి. ఇంజన్ ఆపగానే రెండు రెక్కలూ ఎత్తి కాసేపు ఉంచాలని, ఆగిన బండిలోనే వేడి ఎక్కువ నిలుస్తుందని అతను ఓబులేసుకు ఇంకోసారి చెప్పాడు. ఆ మాట అప్పటికి పదిసార్లు చెప్పి ఉంటాడు.

అక్కడినుంచి వెనక్కి పోతామనుకున్నాడు షంషుద్దీన్. పార్వతమ్మ ప్రొద్దుటూరికి పోనిమ్మంది. అతని షెడ్డు ముందు కారు ఆపించి, తలుపు తీసుకుని దిగింది. ఆమె ఆ వీధిలో దిగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. బస్సులవాళ్లు, టీ కొట్టువాళ్లు లేచి నిలబడ్డారు.

"మా మరిది ఈడ ఈయప్పను ఏమేమో అన్నాడంట" అంది ఆమె, గొంతు పెంచకుండానే అందరికీ వినబడేలా. "అది తప్పు. రంగులో లోపం లేదు. లోపం మా బండిలో ఉండె. దాన్ని కనిపెట్టి బాగుచేసింది ఈయనే."

ఒకరిద్దరు బానెట్ దగ్గరికి వచ్చి చూశారు. పార్వతమ్మ మళ్లీ కారెక్కింది. ఓబులేసు ఈసారి తిప్పుతూ షంషుద్దీన్ వైపు చూసి తల ఊపాడు.

ఆదినారాయణ రెడ్డి తర్వాత కూడా క్షమాపణ అంటూ ఏమీ చెప్పలేదు. పదిహేనురోజులకు తన జీపును రంగు వేయమని పంపాడు. షంషుద్దీన్ వేశాడు. వేసేముందు బానెట్ ఎత్తి అడుగు చూశాడు. ఆ తర్వాత ఏ బండి వచ్చినా ముందు అడుగే చూసేవాడు.

కానీ అదంతా తర్వాతి మాట. ఆ రోజు కారు వెళ్లిపోయాక అతను షెడ్డు తలుపు వేసి ఇంటికి పోయాడు. ఖమ్రున్నీసా వాకిట్లో ధనియాలు ఎండబోస్తోంది. జరిగింది చెప్పాడు. ఆమె విని, చేతులు దులుపుకుని, లోపలికి పోయి అన్నం వడ్డించింది. అతను పప్పు, వంకాయ కూర కలుపుకుని తృప్తిగా తిని, అక్కడే చాప మీద వాలాడు. సాయంత్రం నమాజుకు పిలుపు వినబడింది. పక్కింటి పీరాంబీ వచ్చి, లేపవా అని అడిగింది. నెలరోజుల తర్వాత ఇప్పుడే నిద్రపోతున్నాడు, ఉండనీ అంది ఖమ్రున్నీసా.